భర్మారు కొలత

నిజాం రాజ్యం పోయి ఐదారేళ్లయింది. ఆ ఏడు మా పల్లికాయ చేను మీద అడవిపందులు పడ్డాయి. మా ఆయన వెంటనే లైసెన్సు సంపాదించి, బందూకు ఎలా ఉండాలో ఆలోచించడం మొదలుపెట్టారు. గొట్టం పొడవుండాలా, పొట్టిగానా? కట్టె టేకుదా, జిట్రేగుదా? పటాన్‌చెరు చాయ్ హోటల్లో నెలరోజులు దీని మీదే చర్చ. పందులు మాత్రం ఎవరి సలహా అడగకుండా చేనులో తమ పని కానిచ్చాయి. డబ్బా కొడుతూ వాటిని తరిమే భాగ్యం అత్తమ్మకూ నాకూ దక్కింది.

చివరికి సంగారెడ్డిలో బందూకులు చేసే ఉస్తాద్ దగ్గర భర్మారు చేయించాలని తేలింది. మూతిలోంచి మందు, రవ్వలు కూరి కాల్చే బందూకు అది. మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా దారంతో కొలిచి పంపితే, భుజానికి ఆనే కట్టెను ఉస్తాద్ ఆ మనిషికి సరిపోయేలా చెక్కేవాడు. మా ఆయన తన చేయి కొలిచి, దారం ముడేసి, సంగారెడ్డిలోని పుట్టింటికి పోతున్న నాకిచ్చారు. తాళి కట్టినప్పుడు కూడా నాకు అన్ని జాగ్రత్తలు చెప్పలేదు.

బండిలో, అమ్మ కోసం తీసుకెళ్తున్న కోడి కాళ్ల కట్టు ఊడింది. చేతికందిన దారంతో కట్టేశాను. అది ఏ దారమో మర్నాడు ఉస్తాద్ ఇంటి సందులోకి వచ్చాకగానీ గుర్తు రాలేదు. అప్పటికి కోడి కూరైంది, దారం పొయ్యిలో పడింది. ఎవరి చేయైతే ఏం, చేయి చేయే కదా అనుకున్నాను. కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి, నా చేయే కొలిచి ముడేసి ఇచ్చాను.

"మీ ఆయన గింత పొట్టిగుంటడా బేటీ?" అన్నాడు ఉస్తాద్.

"గంతే ఉంటరు" అన్నాను.

బందూకు వచ్చింది. కట్టె పొట్టిదవడంతో, మొదటిసారి పేల్చగానే బొటనవేలు ముక్కుకు తగిలి మా ఆయనకు నెత్తురు కారింది. పంది నిమ్మళంగా వెళ్లిపోయింది.

మరుసటి సంతనాడు నన్నూ బండెక్కించుకుని ఉస్తాద్ కొట్టుకు వెళ్లారు. అక్కడ ఇద్దరు రైతులు బందూకులు చేయించుకోవడానికి కూర్చుని ఉన్నారు.

"ఏంది ఉస్తాద్, కండ్లు పోయినయా? గిది పోరగాండ్ల బందూకు" అన్నారు మా ఆయన, బజారంతా వినేలా.

ఉస్తాద్ మేకుకు వేలాడుతున్న దారాల్లోంచి నాది తీశాడు. ఆ రంగుపోగును చూశాడు, నా కొంగును చూశాడు. నేను చేయి లోపలికి లాక్కున్నాను. ఊళ్లో ఉస్తాద్‌కున్న ఆస్తి తన చేతిపనికున్న పేరొక్కటే, నాకు తెలుసు. నేను నోరు తెరిస్తే మా ఆయన నవ్వులపాలవుతారు, ఇంటికెళ్లాక నా పని అయిపోతుంది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ నోరు తెరవలేదు.

"నేనే కొలత తప్పిన పటేలా. ముసలోన్నయిన. పెట్టిపో, కొత్త కట్టె ఏస్త" అన్నాడు ఉస్తాద్.

రైతులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మళ్లీ వస్తామని లేచిపోయారు.

తిరుగు దారిలో మా ఆయన కోపమంతా చల్లారిపోయింది. "ఏమన్న గాని, మంచి మనిషి. తప్పు చేసి ఒప్పుకునెటోళ్లు ఈ కాలంల ఎవరున్నరు?" అన్నారు.

"ఎవరూ లేరు" అన్నాను.