ట్రాన్స్‌ఫర్ మీద పోయిన కెప్టెన్

మా మామకు వచ్చిన హిందీ లాడ్జి హిందీ. తిరుచానూరులో అమ్మవారి గుడికి దగ్గరగా ఉన్న ఒక లాడ్జిలో గదుల తాళాలిచ్చే ఉద్యోగం ఆయనది. ఉత్తరాది యాత్రికులతో మాట్లాడీ మాట్లాడీ, గదులు లేవు, వేడినీళ్లు పొద్దునే, తాళం ఇచ్చి వెళ్లండి అనే విషయాల్లో మాత్రం పండితుడయ్యాడు. ఆ పాండిత్యంతోనే తొంభైల్లో మా ఇంట్లో అంతరిక్షం నడిచింది.

అప్పట్లో ఆదివారం పొద్దున టీవీలో హిందీలోకి మార్చిన ఒక విదేశీ సీరియల్ వచ్చేది. నక్షత్రాల మధ్య తిరిగే పెద్ద ఓడ, దానికొక కెప్టెన్. నెరిసిన జుట్టు, నిదానం మనిషి. పెద్ద నిర్ణయం ఏదైనా తీసుకునే ముందు కుడిచెవి తమ్మెను వేళ్లతో పట్టుకునేవాడు. మామను కన్న మా అవ్వకు ఆ కెప్టెన్ అంటే ప్రాణం. ఒళ్లో అరిటాకు మీద కనకాంబరాలు పోసుకుని, చూపు టీవీకిచ్చి, చేతుల్ని వాటి పనికి వదిలేసేది. గుడి దగ్గర పూలమ్మే వాళ్లకు కట్టిచ్చే పని అది. నిమిషానికోసారి మామను కదిలించేది.

"ఆయప్ప ఏమంటా ఉండాడ్రా?"

కెప్టెన్ పాలపుంత అంచున నిలబడి గంభీరంగా ఏదో ప్రసంగిస్తే మామ, "ఈ గ్రహంలో రూములు లేవంట మా. పక్క గ్రహానికి పోదాం అంటా ఉండాడు" అనేవాడు. శత్రువులు ఓడను చుట్టుముడితే, "వాళ్లు ఖాళీ చెయ్యమంటా ఉండారు. ఈయప్ప ఇంగా టైముండాది గదా అంటా ఉండాడు" అనేవాడు. ఆశ్చర్యం ఏమిటంటే, కథ ఎక్కడా చెడలేదు. విశ్వంలో గొడవలన్నీ చివరికి గదుల గొడవలేనని నాకు నిక్కర్ల వయసులోనే అర్థమైపోయింది.

ఆ సీరియల్ ముగిసే రోజుల్లోనే మా తాత పోయాడు. అవ్వ టీవీ ముందుకు రావడం మానేసింది. పూలు కూడా వంటింట్లో గోడవైపు తిరిగి కట్టేది. కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది. సరిగ్గా ఆ రోజే సీరియల్ వాళ్లకు ఆఖరి భాగం వెయ్యాలనిపించింది. ఓడ అడుగున మంటలు లేచాయి. కెప్టెన్ చెవి తమ్మె పట్టుకున్నాడు. అందర్నీ ఇవతలికి తోసి, తాను అవతల ఉండిపోయి, ఇనుప తలుపు మూసుకున్నాడు. దీనికి హిందీ అక్కర్లేదు. నాక్కూడా అర్థమైంది.

అవ్వ చేతులు ఆగిపోయాయి. "ఏమైందిరా ఆయప్పకు?"

మామ ఒక్క క్షణం తాత ఫొటో వైపు చూశాడు. ఫొటోకు వేసిన గంధపు దండ ఇంకా కొత్తగానే ఉంది.

"ఏం కాలేదు మా. తలుపు అవతల ఇంగో ఓడ ఉండాది. దాంట్లో ఎల్లిపోయినాడు."

"మరి వీళ్లంతా ఎందుకు ఏడస్తా ఉండారు?"

"ట్రాన్స్‌ఫర్ మా. దూరం ఏసినారు."

అవ్వ నమ్మింది. మా ఊళ్లో మంచి తహశీల్దారు బదిలీ అయినా జనం అలాగే ఏడ్చేవాళ్లు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు, పూలు కడుతూ కడుతూ ఉన్నట్టుండి, "ఓడ ఆయప్పకు మళ్లీ ఈ పక్కకు ఏసినారో లేదో" అనేది. "అర్జీ పెట్టుకున్నాడంట" అనేవాడు మామ. ప్రభుత్వాల మీద మా ఇంట్లో ఉన్న అభిప్రాయం కారణంగా, ఆలస్యం ఎందుకని ఆమె అడగలేదు.

నేను డిగ్రీలో చేరిన తర్వాత చిక్కు వచ్చిపడింది. ఒక తెలుగు చానల్ అదే కథకు ముందు కథ మొదలుపెట్టింది. కెప్టెన్ కుర్రవాడిగా ఉన్నప్పటి సంగతులు, కొత్త నటుడితో. పైగా చక్కని తెలుగులో. మామ దుబాసీ ఉద్యోగం ఒక్క వారంలో ఊడింది.

నాకు మాత్రం తప్పులు పట్టే పండగ. పాత ఓడలో రైసుమిల్లులో ఉన్నట్టు పెద్ద పెద్ద మీటలు ఉండేవి. దానికి నలభై ఏళ్ల ముందుదని చెప్పిన ఈ ఓడలో అన్నీ అద్దాలు, వేలు తగిలితే వెలిగే దీపాలు. పాత కథలో ముసలితనంలో తొలిసారి కలిసి నమస్కారాలు పెట్టుకున్న ఇద్దరు, ఈ కథలో ఒకే హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు. ఇక కెప్టెన్ మీద ఎన్ని తుపాకులు పేల్చినా భయమే లేదు. పాత సీరియల్లో కనపడాలి కాబట్టి అతనిది పర్మనెంట్ ఉద్యోగం. పక్కన నిలబడ్డ కొత్త ముఖాలే పాపం టెంపరరీ వాళ్లు. ఎవరైనా ఇంట్లో ఉన్న చెల్లెలి గురించి మాట్లాడితే ఆ వారమే వాడి ఆఖరి వారం. నేను ముందే చెప్పేసేవాణ్ని. "నీ నోట్లో శనుండాదిరా" అనేది అవ్వ.

మామకు ఇవేవీ పట్టలేదు. ఆయన బాధ వేరు. ప్రతి వారం మొదట్లో, పేర్లు పడే ముందు ఒక బరువైన గొంతు ఇలా చెప్పేది: 'మనందరి కోసం ప్రాణాలర్పించిన ఆ మహావీరుడు, ఒకప్పుడు మనలాంటి కుర్రవాడే.' చావు కబురు, అదీ అచ్చ తెలుగులో, వారం వారం.

కాబట్టి వారం వారం, సరిగ్గా ఆ సమయానికి, మా వంటింట్లో పాలు పొంగేవి. గేటు దగ్గర ఎవరో పిలిచినట్టు ఉండేది. కేబుల్ వైరు ఊడేది. "ఇట్లా ఎన్నాళ్లు చేస్తాం మామా, ఆయన పోయినాడని చెప్పేస్తే పోలా?" అన్నాను ఒకరోజు.

"నీకేం తెలుస్తాదబ్బా. ఒక మనిషన్నా యాడో బతికుండాడని అనుకుంటా ఉండాది. ఉండనీ."

తర్వాతి వారం కేబుల్ వైరు నేనే ఊడదీశాను.

ఒక ఆదివారం లాడ్జిలో జనం ఎక్కువై మామ రావడం ఆలస్యమైంది. కాపలా నాది. గొంతు మొదలయ్యే వేళకు రిమోట్ నొక్కితే పనిచేయలేదు. అరచేతికేసి కొట్టాను. అప్పుడూ పనిచేయలేదు. మామ గుమ్మంలో అడుగు పెడుతున్నాడు. బరువైన గొంతు మొత్తం చెప్పేసింది, ఒక్క అక్షరం వదలకుండా.

అవ్వ వేస్తున్న ముడి పూర్తిచేసి దారం కింద పెట్టింది.

"ప్రాణాలిచ్చినాడంటనే."

"అది ఆయప్ప గాదు మా" అన్నాడు మామ గుమ్మంలోంచే. "ఈడు వేరే. మొహం సూడు, ముక్కు సూడు. యాడన్నా పోలిక ఉండాదా? అదే పేరుతో ఇంగొకడు."

కథలు రాసేవాళ్లు ఇరుకునపడినప్పుడు చేసే పనే మామ చేశాడు. వాళ్లకు దానికి జీతమిస్తారు.

టీవీలో కుర్ర కెప్టెన్ కొండ చివర నిలబడి ఉన్నాడు. దూకాలా వద్దా అని ఆలోచిస్తూ, కుడిచెవి తమ్మెను పట్టుకున్నాడు.

"సెవి పట్టుకుంటా ఉండాడు గదరా" అంది అవ్వ. "వాడే."

లేచి పెరట్లోకి వెళ్లింది. మా వైపు చావు కబురు వింటే తలకు పోసుకుంటారు. ఎంత దూరపు చుట్టమైనా సరే. తొట్టిలో చెంబు ముంచిన చప్పుడు, నీళ్లు పడ్డ చప్పుడు వినిపించాయి. నేనూ మామా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, అవ్వ మళ్లీ పూల ముందు కూర్చుంది.

"ట్రాన్స్‌ఫర్ అంటివే."

"నాయన పోయిన కొత్త మా అప్పుడు" అన్నాడు మామ నేలను చూస్తూ. "ఇంగో చావు యాడ చెప్పేది నీకు."

"ఊఁ" అంది. కాసేపు టీవీ చూసి, నావైపు తిరిగింది. "ఇప్పుడు వానికి ఎన్నేండ్లు?"

"ఇరవై, ఇరవై రెండు ఉంటాయవ్వా."

"పోయేది ముసిలోడైనాక గదా?"

"అవునవ్వా."

"అయితే ఇంగా శానా దినాలు ఉంటాడు." దారం చేతిలోకి తీసుకుంది. "ఇంగొంచెం సౌండు పెట్టు."

రిమోట్ ఎలాగూ చచ్చింది. మామే వెళ్లి టీవీ బొత్తాం నొక్కాడు. చెప్పులతోనే ఇంట్లోకి వచ్చేశాడు. మరో రోజైతే అవ్వ ఊరుకునేది కాదు.