అరువు సభ్యులు

మా వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆ దుకాణం ఆయన్ని నేను తమ్ముడూ అని పిలుస్తాను. మిగతావాళ్ళు చైర్మన్ గారంటారు. చైర్మనంటే ఏ కంపెనీకో అనుకునేరు. సేవా క్లబ్బులని ఉంటాయి చూడండి. ఎవరి పనులు వాళ్ళు చేసుకునేవాళ్ళే వారానికోసారి కలిసి, కంటి పరీక్షలు పెట్టించడం, రక్తం ఇప్పించడం, మంచాన పడ్డవాళ్ళకి చక్రాల కుర్చీలు వాడుకోమని ఇవ్వడం, అలాంటివి చేస్తుంటారు. మా చుట్టుపక్కల ఐదు క్లబ్బులున్నాయి, ఐదూ కలిపి ఒక జోను. ఆ ఐదింటికీ పైన ఈయన. పైన అన్నానే గానీ ఒక్కదాని మీదా పెత్తనం లేదు. జీతం లేదు, బండి లేదు. ప్రతి క్లబ్బుకీ తిరగాలి, వెనక వరసలో కూర్చుని వినాలి, తగువులు తీర్చాలి, డీలా పడ్డవాళ్ళకి ధైర్యం చెప్పాలి, ఏ క్లబ్బు ఎలా ఉందో పైవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాలి.

"అంటే పెళ్ళిలో పెద్దమనిషి లాంటి ఉద్యోగమన్నమాట" అన్నాను ఓసారి.

"పెద్దమనిషికి భోజనమైనా పెడతారక్కా. నాకు టీ, రెండు బిస్కట్లూను" అన్నాడు.

ఆయన అలా నవ్వుతూ మాట్లాడిన ఆఖరి ఏడాది అది.

ఐదింట్లోకీ పాతది వంతెన అవతలి క్లబ్బు. దాని ప్రెసిడెంటుని అందరూ ప్రెస్సాయన అంటారు. ఒకప్పుడు ఆయన అచ్చు యంత్రం చప్పుడు ఆ వీధంతా వినపడేదట. ఇప్పుడు యంత్రం మీద దుప్పటి కప్పి ఉంది. ఇంట్లో ఒక్కడే ఉంటాడు. మా తమ్ముణ్ణి క్లబ్బులో చేర్పించింది ఆయనే. దుకాణం కొత్తగా తెరిచి ఈగలు తోలుకుంటున్న రోజుల్లో వచ్చి, చెయ్యి పట్టుకుని మీటింగుకి లాక్కెళ్ళి, చొక్కాకి క్లబ్బు పిన్ను గుచ్చి, "ఒరేయ్ అద్దాలూ, ముందు మనుషులతో కలువు, బేరాలు తర్వాత వస్తాయి" అన్నాడట. అప్పట్నుంచీ ఈయన ఆయనకి అద్దాలు. ఆయన ఈయనకి గురువు.

ఓ గురువారం తమ్ముడు మీటింగు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఏమైందంటే ఏం లేదక్కా అన్నాడు. ఏం లేదు అన్న మాట చెవిన పడితే ఇక నాకు కాలు కదలదు. కళ్ళు పరీక్ష చేసే స్టూలు మీద కూర్చుండిపోయాను.

"ఎంతమందొచ్చారు మీటింగుకి?"

"గురువూ, నేనూ, వాచ్‌మనూ."

"వాచ్‌మన్ కూడా సభ్యుడా?"

"కాదు. హాలు తాళం వేసుకోవాలని నిలబడ్డాడు."

ఇది వింటే నవ్వొచ్చింది గానీ, ఆ పైన చెప్పింది విన్నాక నవ్వు పోయింది. ప్రెస్సాయన ఎప్పటిలాగే ఇస్త్రీ కోటు వేసుకొచ్చి, బల్ల మీది గంట కొట్టి, సభ మొదలైందని ఖాళీ కుర్చీలకి చెప్పాడట. పోయినవాళ్ళు పోగా, మానేసినవాళ్ళు మానేయగా, ఆ క్లబ్బులో మిగిలింది వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. అంత తగ్గితే క్లబ్బు మూసేయాలి, అది వాళ్ళ నియమం. ఆ సంగతి పైవాళ్ళకి చెప్పాల్సింది చైర్మన్. అంటే మా తమ్ముడే.

"చెప్పేయ్ మరి" అన్నాను.

"ఎలా చెప్పనక్కా. ఆయన ఆ గురువారం కోసం మిగతా ఆరు రోజులూ బతుకుతున్నాడు."

ప్రెస్సాయన ఊరుకోలేదు. యంత్రం మీది దుప్పటి తీసి, కీళ్ళకి నూనె పోసి, కొత్త సభ్యులు కావాలని కరపత్రం అచ్చు వేశాడు. జిగురు డబ్బా పట్టుకుని తనే వీధి వీధి తిరిగి గోడలకి అంటించాడు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. అప్పుడు మా తమ్ముడికి ఆ ఆలోచన వచ్చింది. మార్కెట్టు క్లబ్బులో సభ్యులు నిండుగా ఉన్నారు, అందులోంచి కొందర్ని బతిమాలాడు. తన బావమరిదిని, అద్దాలు అరగదీసే కుర్రాణ్ణి, ఎదురుగా ఉన్న టైలర్ని ఒప్పించాడు. చివరికి నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, గురువారం సాయంత్రం వంతెన అవతలకి రావాలి. సభ్యురాలిగా."

"వచ్చి ఏం చెయ్యాలి?"

"కూర్చోవాలి. ఆయన అడిగితే కరపత్రం చూసి వచ్చానని చెప్పాలి."

"నా చదువు ఐదో తరగతి. కరపత్రం చదివానంటే నమ్ముతాడా?"

"ఐదో తరగతివాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాశానని మురిసిపోతాడు" అన్నాడు.

ఆ హాలు ఎలా ఉంటుందో చూద్దామని నాకూ ఉంది. వెళ్ళాను. పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద ఇత్తడి గంట. గోడ నిండా పాత ప్రెసిడెంట్ల ఫొటోలు. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒక ఫొటో గోడకి కొట్టుకుంటోంది. నిండిన కుర్చీల్ని చూసి ప్రెస్సాయన గంట కొట్టడమే మర్చిపోయాడు. తర్వాత ఒక్కొక్కరికీ తనే పిన్ను ఇచ్చాడు.

"కరపత్రం ఎక్కడ చూశారమ్మా?" అన్నాడు నన్ను.

"కూరగాయల బజారు గోడ మీద అన్నయ్యా."

"ఆ గోడకి సున్నం రాలుతోంది. అంటుకోలేదు. జిగురు ఆరేదాకా అరచేత్తో నొక్కి పట్టుకుని నిలబడ్డాను" అన్నాడు. ఆయన మొహం చూడలేక పిన్ను చూసుకుంటూ కూర్చున్నాను.

వెనక వరసలో తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు.

అంతటితో ఆగితే ఎలా ఉండేదో. ఏడాది చివర పెద్ద సభలో, సభ్యులు బాగా పెరిగిన క్లబ్బని వంతెన క్లబ్బుకి షీల్డు ఇచ్చారు. ప్రెస్సాయన వేదికెక్కి షీల్డుని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. చైర్మన్ని కూడా పిలిచి శాలువా కప్పితే, మా తమ్ముడికి ఆ శాలువా కింద చెమటలు పోశాయి. ఆ షీల్డుతో పాటు రెండు ఆక్సిజన్ యంత్రాలు, నాలుగు ఆసుపత్రి మంచాలు కూడా ఆ క్లబ్బుకే కేటాయించారు. మనుషులున్న క్లబ్బు కదా, ఉన్నట్టుండి ఎవరికి ఊపిరాడకపోయినా తీసుకెళ్ళి ఇస్తారని.

ప్రెస్సాయన అందరికీ వంతులు వేశాడు. వంతు వచ్చిన సభ్యుడి దగ్గర హాలు తాళం, క్లబ్బు ఫోను ఉండాలి. ఫోనొస్తే యంత్రం పట్టుకెళ్ళాలి. గురువారం వచ్చి కూర్చోవడానికి ఒప్పుకున్నవాళ్ళు దీనికి ఒప్పుకుంటారా? ముందు తలలూపారు. ఒకరికి దుకాణం, ఒకరికి నడుం నొప్పి. వంతులన్నీ తిరిగి తిరిగి ఆయన మెడకే చుట్టుకున్నాయి. మెట్లెక్కి యంత్రం మోసి దించి, గోడకి ఆనుకుని రొప్పుతుంటే నేనే చూశాను.

"మీరెందుకు మోస్తారన్నయ్యా?" అంటే, "కొత్తవాళ్ళు కదమ్మా. అలవాటవుతారు" అన్నాడు.

ఓ మధ్యాహ్నం తమ్ముడి బావమరిది వంతు. ఫోను దుకాణం సొరుగులో పడేసి భోజనానికి వెళ్ళాడు. వంతెన పక్క ఇంట్లో ఒక ముసలావిడకి ఊపిరి అందక వాళ్ళబ్బాయి ఫోను చేస్తూనే ఉన్నాడట. చివరికి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. ప్రాణమైతే దక్కింది. మాట మాత్రం పడిపోయింది.

ఆ గురువారం ఆ అబ్బాయి హాలుకి వచ్చాడు. కేకలెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది.

"ఇంతమంది ఉన్నారు కదండీ. బోర్డు మీద నంబరు రాసుకున్నారు కదా. ఒక్కరు ఫోనెత్తితే మా అమ్మ ఇవాళ మాట్లాడేది" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

బావమరిది ఆ పూట రానేలేదు. మిగిలినవాళ్ళం తలలు దించుకున్నాం. ప్రెస్సాయన లేచి నిలబడి, బల్ల మీది గుడ్డ సర్ది సర్ది, అప్పుడు మాట్లాడాడు.

"ఒరేయ్ అద్దాలూ, నువ్వు వీళ్ళనేమీ అనకు. ఎవరూ రమ్మనకుండా కరపత్రం చూసి వచ్చినవాళ్ళు. మంచివాళ్ళే, పని తెలీదంతే. నేనే దగ్గరుండి నేర్పిస్తాను. ఇంకో కరపత్రం కూడా వేస్తాను."

తమ్ముడు వెనక వరసలోంచి లేచాడు. "వద్దు గురూ."

"ఏం వద్దు?"

"కరపత్రం వద్దు. దాన్ని చూసి ఎవరూ రాలేదు. వీళ్ళందర్నీ నేను తీసుకొచ్చాను."

"తీసుకొస్తే తప్పేంట్రా? నిన్ను నేను తీసుకురాలేదూ?"

"ఆ తీసుకురావడం కాదు. కుర్చీలు నింపడానికి తెచ్చాను. మూసేయాల్సి వస్తుందని భయపడి."

ప్రెస్సాయన నా వైపు తిరిగాడు. "అమ్మా, మీరు కూరగాయల బజారు గోడ అన్నారు కదా?"

"నేను ఆ బజారుకే వెళ్ళనన్నయ్యా. మాకు కూరగాయల బండి వస్తుంది."

"ఎప్పట్నుంచి ఇలా?" అన్నాడు తమ్ముణ్ణి.

"మొదట్నుంచీ."

"మరి ఆ షీల్డు తీసుకుంటుంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టావేం?"

ప్రెస్సాయన గంట కొట్టి సభ ముగిసిందన్నాడు.

మరుసటి గురువారం మూసివేత సభ. ఆయన అదే కోటు వేసుకుని వచ్చాడు. "జోన్ చైర్మన్ గారికి సభ తరఫున స్వాగతం" అని మొదలుపెట్టాడు. యంత్రాలు, మంచాలు మార్కెట్టు క్లబ్బుకి ఇవ్వాలని తీర్మానం చదివాడు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు. "అరువుకి వచ్చినవాళ్ళు ఎత్తనవసరం లేదు" అన్నాడు. అందరికంటే ముందు తన చెయ్యే లేచింది. మిగిలిన పాత సభ్యులు ముగ్గురూ ఎత్తారు. గోడ మీంచి క్లబ్బు అనుమతి పత్రం ఫ్రేముతో సహా దించి, దుమ్ము తుడిచి, రెండు చేతుల్తో తమ్ముడికిచ్చాడు.

"అన్నీ నియమం ప్రకారం ఉన్నాయో లేదో చూసుకోండి చైర్మన్ గారూ."

"గురూ" అన్నాడు తమ్ముడు.

"ఏదైనా లోపం ఉంటే చెప్పండి."

లోపమేమీ లేదు. మూసివేత ఇంత పద్ధతిగా ఎక్కడా జరగలేదని పైవాళ్ళు తమ్ముణ్ణి మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు విన్న రోజు తమ్ముడు దుకాణం తెరవలేదు.

తర్వాత చాలాసార్లు ప్రెస్సాయన ఇంటికి వెళ్ళాడు. మార్కెట్టు క్లబ్బులో చేరమని అడిగాడు. ఆయన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఏ పని మీద వచ్చారని అడిగేవాడు. పని లేదంటే, అలాగేనండీ అని తలుపు దాకా వచ్చి సాగనంపేవాడు. ఒక్కసారి తిట్టినా పడుండేవాణ్ణక్కా అంటాడు తమ్ముడు. నాలుగు క్లబ్బులకీ ఇప్పటికీ తిరుగుతున్నాడు. మార్కెట్టు క్లబ్బు యంత్రాలు వేళకి అందుతున్నాయని నాకు చెబుతాడు.

మొన్న నేను దుకాణంలో ఉండగా ప్రెస్సాయన వచ్చాడు. కళ్ళజోడు చెయ్యి ఒకటి ఊడిపోయింది. తమ్ముడు గబుక్కున లేచి, "కూర్చో గురూ" అన్నాడు.

"పర్లేదండీ. ఇది బాగవుతుందా?"

తమ్ముడు చిన్న మర తీసి బిగించబోయాడు. మర జారి కింద పడింది. వంగి వెతికి మళ్ళీ బిగించాడు. అద్దాలు తుడిచి ఇచ్చాడు. ఆయన పెట్టుకుని అటూ ఇటూ చూసి, "ఎంతివ్వమంటారు?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన దగ్గర పైసా పుచ్చుకున్న పాపాన పోలేదు మా తమ్ముడు. వద్దంటాడనే అనుకున్నాను. అందరికీ చెప్పే రేటే చెప్పాడు. ఆయన ఇచ్చి, చిల్లర తీసుకుని, థాంక్సండీ అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"ఆయన దగ్గర కూడా తీసుకోవాలా తమ్ముడూ?" అన్నాను, నోరు ఊరుకోక.

"తీసుకోకపోతే ఇంకోసారి రాడక్కా" అన్నాడు.