చేతికి తగలని ముడి

నా చిన్నప్పుడు సూరత్‌లోని ఉధ్నాలో మేము అద్దెకున్న గది తలుపు బాగా పొట్టిది. దాన్ని దాటే ప్రతి మనిషీ తల వంచేవాడు. మా తాతయ్య మాత్రం తల వంచేవారు కాదు, మోకాళ్ళు వంచేవారు. నడుము నిటారుగానే ఉండేది. నలభై మగ్గాలు ఆడిన ఇంటి యజమాని, ఎవరో కట్టిన తలుపు ముందు తల దించడమేమిటని ఆయన పట్టుదల.

ఆ మగ్గాలు తెలంగాణలో మా ఊళ్ళో ఉండేవి. నేను పుట్టేసరికి ఒక్కటీ మిగలలేదు. చేమగ్గం బట్ట అడిగేవాళ్ళు తగ్గారు, ఇల్లు చేజారింది, మా నాన్న సూరత్ వచ్చి ఒక సాంచెల ఖార్ఖానాలో కుదిరాడు. మర మగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. దాని మీద తెగిన పోగులు అతకడం మా నాన్న పని. బడిలో ఆ సంగతి నేనెవరికీ చెప్పేదాన్ని కాదు. తాతయ్య రోజూ చెప్పే మాటే చెప్పేదాన్ని. మేము నేసినవాళ్ళం కాదు, నేయించినవాళ్ళం. ఆ ఇంటికి మిగిలిన సంతానం నేనొక్కదాన్నే కాబట్టి ఆ మాట మోసే బాధ్యత నాదే అనుకునేదాన్ని.

మాది సూరత్‌లో తెలుగు పిల్లల బడి. నాలుగో తరగతిలో మా టీచర్ కోస్తా నుంచి వచ్చినావిడ. ఆమె భర్త రైల్వేలో ఉద్యోగి. లెక్కలు ఆమె తరగతి గదిలో కంటే ఆవరణలోనే ఎక్కువ చెప్పేవారు. మీటరు పాఠం వచ్చినప్పుడు, మన బడి చుట్టుకొలత ఎంతో మీరే కొలవండి అన్నారు. బడిలో ఉన్నది ఒకే ఒక చెక్క మీటరు బద్ద. అందుకని ఒక ఉపాయం చెప్పారు. ప్రతివాళ్ళూ ఇంటి నుంచి దారం తెచ్చి, ఐదు మీటర్లు కొలిచి, పక్కవాళ్ళ దారానికి ముడి వెయ్యాలి. అలా పెరిగిన దారాన్ని బడి చుట్టూ తిప్పి, ఎందరి దారం పట్టిందో చూసి ఐదుతో హెచ్చవేస్తే లెక్క తేలుతుంది.

దారానికి మా పేట పిల్లలకు కరువేముంది. ఖార్ఖానాలో పనికిరాని దారం గిన్నెలు తోమడానికి ప్రతి ఇంట్లోనూ ఉండలుగా ఉండేది. కానీ గిన్నెలు తోమే దారం పట్టుకెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. పైగా దారం కొస పట్టుకుని అందరికంటే ముందు నడిచేది నేనే కావాలని పట్టుదల. మా తాతయ్య ఇనప పెట్టెలో ఎర్రపట్టు దారపు లడి ఒకటి ఉండేది. మా ఇంట ఆఖరిగా నేసిన చీర తరవాత మిగిలిన దారం అది. ఎవరినీ అడక్కుండా దానిలోంచి ఐదు మీటర్లు కత్తిరించుకుపోయాను.

అందరి దారాలూ తెల్లవి, మాసినవి. నాది ఎర్రగా మెరుస్తోంది. రెండు కొసలా ముడులు నేనే వేస్తానని పట్టుబట్టి, జడ రిబ్బను కట్టినట్టు గట్టిగా రెండేసి ముడులు వేశాను. అందరం దారం పట్టుకుని బడి వెనక్కి మలుపు తిరిగామో లేదో, దారం ఒక్కసారిగా వదులైంది. నా ముడి జారిపోయింది. మళ్ళీ వేశాను. ఈసారి రెండో కొస జారింది. మూడోసారి వేసిన ముడి గోడ అంచుకు తగులుకుని ఊడొచ్చింది.

పక్క బల్ల పిల్ల నవ్వు ఆపుకోలేదు. "దొరసానీ, నేయించుడు తర్వాత సంగతి. జర ముడేసుడు నేర్సుకో" అంది. అంతటితో ఊరుకోలేదు. "మీ నాయినె గదా మా నాయిన సాంచె మీద పోగులు అతికేది. ఆయన్నే అడుగు" అంది. తరగతి అంతా నా వైపు చూసింది. దాచిన సంగతి అంత తేలిగ్గా బయటపడుతుందని నేననుకోలేదు.

టీచర్ ఎవరినీ కోప్పడలేదు. నా దారాన్నీ దానికి అటూ ఇటూ ఉన్న రెండు దారాలనూ చుట్ట చుట్టి నా చేతిలో పెట్టారు. "రేపు కళ్ళు మూసుకుని వేలితో తడిమి నీ ముడి వెతుకుతాం. దొరికితే మామూలు దారం తెచ్చుకోవాలి. దొరక్కపోతే ముందు నడిచేది నువ్వే" అన్నారు.

ఇంటికి వచ్చేసరికి తాతయ్య గడప దగ్గర కూర్చుని ఉన్నారు. నా చేతిలో మట్టి పట్టిన ఎర్రదారం చూశారు. లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి చూసుకుని వచ్చారు. తిడతారని నిలబడ్డాను. దారం దేనికి కోశానో, ముడి ఎలా జారిందో చెప్పాను.

"ఎన్ని ముడులు జారినయి?" అన్నారు.

"మూడు."

అప్పుడు ఆయన ముఖం ముడుచుకుంది. "మనింటి దారం ముడి జారిందంటే నవ్వదా మరి లోకం" అన్నారు.

దేవుడి పటం ముందు రాలిన ఊదుబత్తి బూడిద వేళ్ళకు రాసుకుని నా పక్కన కూర్చున్నారు. పట్టు నున్నగుంటది, ఉత్త చేతికి లొంగదు, జర బూడిద గావాలె అంటూ రెండు కొసలు కలిపారు. ఒకదాని మీద ఒకటి వేసి, బొటనవేలితో అదిమి, చిన్న మెలి తిప్పి, మడతలోంచి లాగి బిగించారు. రెప్పపాటులో అయిపోయింది. ముడి ఎక్కడుందో నాకు కనబడలేదు. ఆ చేతులు ఏనాడూ దారం ముట్టలేదనే నేనప్పటిదాకా నమ్మాను. ఆ మాటే అడిగాను.

"నేయించినోళ్ళం అన్న. నేయరానోళ్ళం అని ఎన్నడన్న అన్ననా బిడ్డా?"

మా ఇంట్లో పిల్లలు పెద్దల పక్కన గద్దె మీద కూర్చోవాలంటే, ముందు ఒక మగ్గం పోగులన్నీ తమ చేత్తో అతకాలట. అతికి, ఆ మగ్గం ఆగకుండా ఆడితేనే గద్దె. లావు ముడి దువ్వెన లాంటి మగ్గం పళ్ళలో ఇరుక్కుంటుందని, అది తెగడమే కాక పక్కనున్న పోగులను కూడా తెంపుతుందని చెప్పారు. "నేను పదేండ్లకు అతికిన. మీ నాయిన తొమ్మిదేండ్లకే అతికిండు. ఆయన చేతిల ముడి నా చేతిల కంటె సన్నం" అన్నారు. ఆ మాటలో ఎక్కడా బాధ లేదు. ఉన్నదంతా గర్వమే.

ఎన్నిసార్లు వేసి విప్పానో లెక్కలేదు. వేళ్ళు ఎర్రబడ్డాయి. సాయంత్రం నాన్న పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, నా దారం అందుకున్నాడు. కళ్ళు మూసుకుని ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలు పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు. అది విప్పించి మళ్ళీ వేయించాడు. రెండోసారి అతని వేలు ఎక్కడా ఆగలేదు. దారం నాకిచ్చి అన్నానికి కూర్చున్నాడు. రోజంతా ఖార్ఖానాలో ఆ వేళ్ళు చేసే పనికి నేను సిగ్గుపడ్డానని అప్పుడు తలుచుకుని తల దించుకున్నాను. నా జన్మలో తల దించింది ఆ ఒక్కసారే, దానికి విచారం లేదు.

మర్నాడు టీచర్ నన్ను వెక్కిరించిన పిల్లనే పిలిచి కళ్ళు మూసుకోమన్నారు. ఆ పిల్ల తెల్లదారం మీద వేలు పెట్టి మెల్లగా నడిచింది. తెలుపు దాటింది, ఎరుపు దాటింది, మళ్ళీ తెలుపులోకి వెళ్ళిపోయింది. కళ్ళు తెరిచి వెనక్కి చూసి, "ఏడుంది గా ముడి?" అంది. అంతా నవ్వారు, ఈసారి నన్ను చూసి కాదు. దారం కొస పట్టుకుని నేను ముందు నడిచాను. బడి చుట్టుకొలత ఎంత వచ్చిందో ఇప్పుడు గుర్తులేదు. దారం మాత్రం ఎక్కడా వదులు కాలేదు. గంట కొట్టాక ఆ పిల్లే నా బల్ల దగ్గరికి వచ్చి, ముడి నేర్పమంది. ఊదుబత్తి బూడిద తెచ్చుకో అన్నాను.

తరవాత సూరత్ దగ్గరి పల్సానాలో బట్ట తనిఖీ చేసే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను. మా వంశం గొప్పదని ఈనాటికీ వెనకాడకుండా చెబుతాను. అయితే నలభై మగ్గాల లెక్కతో మొదలుపెట్టను, మా నాన్న వేళ్ళతో మొదలుపెడతాను. పొట్టి తలుపుల ముందు మోకాళ్ళు వంగనని మొరాయించే వయసు వచ్చింది. అయినా తల వంచను, కాస్త పక్కకు తిరిగి దాటుతాను. ఏ పని పూర్తి చేసినా, ఇంకొకరి చేతిలో పెట్టే ముందు కళ్ళు మూసుకుని ఒకసారి దాని మీద వేలు పోనిస్తాను. వేలు ఆగితే, విప్పి మళ్ళీ వేస్తాను.