విత్తనాల బాన మీద మా అమ్మ చెయ్యి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. జవళగిరి అడవిదారిలో ఏనుగుల మంద మధ్య నుంచి ఒంటరిగా సైకిలు తొక్కుకుంటూ బయటపడిన మనిషిని. ఈ డెబ్భైరెండేళ్లలో నన్ను భయపెట్టింది మా అమ్మ ఒక్కతే. బతికున్నప్పుడు కొంచెం, పోయిన తర్వాత ఎక్కువ.

మాది బేరిగై పక్కన చిన్న ఊరు. అమ్మ పేరు మునెమ్మ. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాయన పోతే, రెండెకరాల రాగిచేనుతో నన్నూ చెల్లెలు రత్ననూ పెంచింది. కోతలో కొడవలి తగిలి ఆమె కుడిచేతి చిటికెన వేలు సగమే మిగిలింది. సంగటి ముద్ద మీద నాలుగున్నర వేళ్ల గుర్తులుంటే అది అమ్మ చేసినదని లెక్క.

ఆమె విత్తనాలకు పురుగు పట్టేది కాదు. ఊళ్లో ఎవరికి కావాలన్నా మా ఇంటికే వచ్చేవారు. హోసూరు ఫ్యాక్టరీల్లో పనికొచ్చి మా వీధిలో అద్దెకున్న ఆంధ్రా పిల్లలు, మిద్దె మీద తొట్టిలో చల్లుకుంటామని సరదాగా అడిగితే, వాళ్లకూ పొట్లం కట్టి ఇచ్చింది.

ఎండిన రాగుల్లో బూడిద, వేపాకు కలిపి బానలో పోసేది. పైన మూకుడు మూసి, పేడా ఎర్రమన్నూ కలిపి మెత్తేది. పచ్చిగా ఉండగానే దాని మీద అరచెయ్యి అదిమి అచ్చు వేసేది. ఆ అచ్చుకు కారణం నేనే. పదేళ్ల వయసులో ఒక కరువు ఏడాది, ఆ మెత్తు పగలగొట్టి రెండు దోసిళ్ల రాగులు తీసి అంగట్లో బొరుగులకు మార్చుకుని తిన్నాను. మళ్లీ మెత్తేశాను గానీ తడి చూసి ఆమె కనిపెట్టేసింది. కొట్టలేదు. మరుసటి ఏడాది నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెయ్యి అదిమింది.

"ఇదే నా బీగం నాయనా. దీని బీగంచెవి నీకు యాడా దొరకదు" అనింది.

పోయిన చలికాలంలో ఆమె మంచం పట్టింది. కృష్ణగిరి నుంచి రత్న వచ్చి చూసుకునేది. అమ్మ పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నానని, నా చేతి నీళ్లే తాగిందని ఊరంతా చెప్పాను. అది నిజం కాదు. ఏనుగుల సంగతీ ఇక్కడే ఒప్పుకుంటాను. మంద కాదు, ఒక్క ఏనుగు. అదీ చాలా దూరంలో. నేను బస్సులో ఉన్నాను.

అమ్మ పోయిన రోజు పొద్దున విత్తనపు రాగులు ఎండబెట్టమంది, మధ్యాహ్నంలోగా ఒకసారి తిరగేయమంది. సరే అన్నాను. మూటైనా విప్పకుండా, మోటారుకు వైరు కావాలని చెప్పి హోసూరు పోయాను. టీ అంగట్లో కూర్చుని ఆంధ్రా పిల్లలకు ఏనుగుల కథే చెబుతుండగా రత్న దగ్గర నుంచి ఫోను వచ్చింది.

కోపంతో పోయిందా? ఈ ప్రశ్న నన్ను అప్పటి నుంచి తొలుస్తూనే ఉంది.

కర్మ అయ్యాక ఆ రాగులు నేనే ఎండబెట్టాను. బూడిద కలిపి, బానలో పోసి, నేనే మెత్తాను. అచ్చు వేయడానికి మనసు రాలేదు. నున్నగా అలికి వదిలేశాను. ఎలుకల భయానికి అది గట్టిపడేదాకా రెండు రోజులు పక్కనే మంచం వేసుకున్నాను. తర్వాత అటక ఎక్కించి గదికి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

ఆషాఢంలో వాన పడ్డాక విత్తడానికి రత్న వచ్చింది. పొద్దున పది గంటలు, మంచి ఎండ. ఇద్దరం కలిసి బాన దించి వాకిట్లో పెట్టాం.

మెత్తు మీద అరచెయ్యి అచ్చు ఉంది. చిటికెన వేలు సగమే.

అచ్చు తడిగా ఉందని, అమ్మ నమిలే తమలపాకు వాసన వచ్చిందని తర్వాత కొందరితో అన్నాను. అవి నా కల్పన. అచ్చు ఎండిపోయి ఉంది, బొటనవేలి దగ్గర చిన్న పగులు ఉంది. నా చెయ్యి పెట్టి చూశాను, సరిపోలేదు. రత్న ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫోటో తీయాలని ఇద్దరికీ తోచలేదు.

ఎండిన మెత్తు మీద అచ్చు పడదు. పచ్చిగా ఉన్నంతసేపూ నేను అక్కడే ఉన్నాను. ఎన్నిసార్లు ఆలోచించినా ఇక్కడే ఆగిపోతున్నాను.

పగలగొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. రత్నే పగలగొట్టింది. రాగుల్లో ఒక్క పురుగు లేదు. చల్లితే అన్నీ మొలిచాయి.

అమ్మ నన్ను క్షమించి, ఆ మాట చెప్పడానికే చెయ్యి వేసి పోయిందని నా నమ్మకం. చివరి ఘడియలో నా పేరే పిలిచి ఉంటుందనీ రాశాను. ఇక్కడిదాకా రాసిందంతా నిన్న రత్నకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలు ఒలవడం ఆపలేదు.

"నీ పేరు ఎత్తనే లేదన్నా. 'వాడు రాగులు తిరగేసినాడా?' అని అడిగింది, అంతే. తిరగేసినాడమ్మా అని చెప్పినాను. నమ్మలేదు."