ఉడుకు ఆగిన కాగు

"రేకు తియ్యకు బాబూ! తొంగి చూస్తే త్వరగా ఉడుకుతుందా ఏంటి? చెవిపెట్టి విను. గలగలమంటోందా? అంతే కావాల్సింది."

పక్కింటి పెద్దమ్మ నాకే చెబుతున్నట్టు ఉంది గానీ, ఆ మాటలు పెరట్లో టమాటాల చెక్కపెట్టె మీద కూర్చున్న ఆమె చెల్లెలికి. చెల్లెలు హాస్టల్లో వంటలు చూస్తుంది. పోయినేడు పెద్దమ్మ పంపిన టమాటా సీసాల్లో ఒకటి చెడిపోయి మూత ఉబ్బితే, మిగతావి తెరవకుండానే పారేయించింది. అప్పట్నుంచీ అక్కాచెల్లెళ్ళ మధ్య పొడిపొడి మాటలే. ఈసారి టమాటాలు తనే తెచ్చి, "పిల్లలు తినేది. నా కళ్ళముందు చేస్తేనే తీసుకుంటా, లేదంటే ఇదే ఆఖరు" అని కూర్చుంది.

పెద్దమ్మ ఉద్యోగమంతా ఆసుపత్రిలో బట్టలు ఉడికించడంతోనే గడిచింది. ఈ కాగు అక్కడిదే.

"రోగుల దుప్పట్లు ఉడికిన కాగు!" అంది చెల్లెలు ముక్కు చిట్లించి.

"అందుకే దానికి ఉడకడం బాగా వచ్చు."

మూడు వైపులా ఇటుకలు, మధ్యలో మంట. కాగు అడుగున గోనెసంచి మడతలు. టమాటా గుజ్జు నింపి మూత బిగించిన సీసాలు, గాజుకి గాజు తగలకుండా వాటి మధ్య పాత గుడ్డలు. మూతలు మునిగేలా నీళ్ళు. పైన రేకు, దానిమీద రాయి. ఇంట్లో గోడ గడియారం తెచ్చి బట్టల తీగ కట్టిన గుంజకు తగిలించింది. అనుకున్నంతసేపూ ఉడుకు మధ్యలో ఆగకూడదు.

ఇంకాసేపట్లో దించుతామనగా గాలి తిరిగింది. మంట పక్కకు ఒరిగిపోయింది. చెల్లెలు అటు తిరిగి ఫోన్లో ఎవర్నో కేకలేస్తోంది. గలగల ఆగిపోయింది. నేనూ పెద్దమ్మా మొహమొహాలు చూసుకున్నాం. ఆమె గబగబా గాలికి అడ్డంగా మరో రేకు నిలబెట్టింది. మళ్ళీ గలగల. చెల్లెలికి తెలిసే వీలే లేదు.

పెద్దమ్మ గడియారం వైపు చూసింది. పెదవి కొరుక్కుంది.

"చెల్లీ, ఉడుకు ఆగింది. లెక్క మళ్ళీ మొదట్నుంచీ."

"ఎప్పుడాగింది? నేను చూళ్ళేదే!"

"చూళ్ళేదనే చెబుతున్నా."

చెల్లెలు ఫోన్ పెట్టేసి పొయ్యి వైపు చూసింది. "మరి కట్టెలేవీ?"

పొయ్యి పక్కన నాలుగు పుల్లలున్నాయి. కాగులో నీళ్ళూ తగ్గిపోతున్నాయి. చన్నీళ్ళు పోస్తే సీసాలు పగులుతాయని నేను లోపల నీళ్ళు మరిగించి తెచ్చి పోస్తున్నాను. ఆఖరి పుల్ల కూడా కాలిపోతోంది. చెల్లెలు లేచింది. తను కూర్చున్న పెట్టెని బోర్లించి, దానిమీదకెక్కి ఒక్క తొక్కు తొక్కింది. ఫెళ్ళున విరిగింది.

"లావెక్కినందుకు ఇవాళ పనికొచ్చావే!"

"నోర్ముయ్ అక్కా. మంట చూడు."

చివరికి సీసాలు పైకొచ్చాయి. బల్ల మీద గుడ్డ పరిచి, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టాం. చల్లారేకొద్దీ మూతలు లోపలికి గుంజుకుంటూ టక్ మన్నాయి. ఒకటి. ఆగి, ఇంకొకటి. ముగ్గురం ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం. అన్నీ పలికాయి, ఒక్కటి తప్ప. ఎంతసేపు చూసినా దాని మూత కిందికి దిగలేదు; సరిగ్గా బిగుసుకోలేదన్నమాట.

ఎవరూ అడక్కుండానే పెద్దమ్మ దాన్ని పక్కన పెట్టేసింది. "ఇది ఈ పూట మన వంటలోకి."

చెల్లెలు కొంగు దులుపుకుంది. "మిగతావి పంపు. స్టోర్లో కింది అర ఖాళీ చేయిస్తాలే" అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

గేటు చప్పుడు వినిపించాక పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"బాబూ, రేపు ఆ హాస్టల్ దాకా వెళ్ళొస్తావా? అర నిజంగా ఖాళీ చేసిందో లేదో చూసి రా. నేను పంపానని మాత్రం అనకేం! దానికి తెలిసిందంటే ఇంకో ఏడాది నాతో మాట్లాడదు."