ఫ్లాపీలు పోయిన షాపు

వనపర్తిలో నేను పనిచేసిన ప్రింటింగ్ షాపుకు ముందొక గది, వెనకొక గది. ముందు గదిలో ముగ్గురు కంప్యూటర్ల మీద పెళ్లిపత్రికలు, కరపత్రాలు టైపు చేసేవారు. వెనక గదిలో ప్రింటరు, నేను. మాది కోడేరు. ఊళ్లో మా ఇంటి నిండా మనుషులే, మాటకు మాట అడ్డం పడేది. ఇక్కడ అద్దె గదిలో పలకరించే దిక్కు లేదు.

అందుకే నాకు షాపంటే ప్రాణం. టైపు చేసింది ఫ్లాపీ అనే పలచటి డిస్కులో వేసుకుని ఎవరో ఒకరు నా దగ్గరికి రావాల్సిందే. ఆ ఫ్లాపీలు ఒక్కసారికి పనిచేస్తే గదా! తెరుచుకోకపోతే వెళ్లి మళ్లీ తెచ్చేవారు. అచ్చయ్యేదాకా నిలబడి, పత్రికలో మేనమామల వరుస చూసి నవ్వుకునేవాళ్లం. ముగ్గురిలో పెద్దామెను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె కాగితంలో చుట్టిన జొన్నరొట్టె, పల్లికారం కూడా తెచ్చేది. "తిను తమ్మీ, గట్ల ఎండిపోతున్నవేంది?" అనేది.

ఒకరోజు షాపు యజమాని సేటు విసుక్కున్నాడు. "ఈ ఫ్లాపీల లొల్లి ఇంగ చాలు. అన్నిట్కి వైరు కలుపు."

నెట్‌వర్కింగ్ నేర్చుకున్నానని గొప్పలు చెప్పుకున్నది నేనే. గోడల వెంట వైర్లు లాగి, వాటన్నిటినీ నా గదిలో హబ్బు అనే చిన్న పెట్టెకు కలిపాను. అక్కడే ఒక కంప్యూటరును సర్వరు చేసి, అందరి ఫైళ్లకూ అందులో ఉమ్మడి ఫోల్డరు పెట్టాను. ముందు గదిలో సేవ్ చేసిన పత్రిక నా తెర మీద కనబడగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాలరెగరేశాను.

శుక్రవారం సేటు సర్వరుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు చిందకుండా నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను. సేటు దండం పెట్టుకుని, "మనందరి కష్టం గిండ్లనే ఉంది. దుమ్ము తాకొద్దు. ఇయ్యాల్టి సంది లోపలికి ఎవ్వరు రావొద్దు" అన్నాడు. తలుపు మూయించాడు. గుడిలో పూజారికైనా భక్తులు కనబడతారు. నాకు ఫైళ్లు కనబడేవి. ఒకటి అచ్చయ్యేలోపే ఇంకోటి వచ్చి కూర్చునేది, లేచి ముందు గదికి పోదామంటే తీరేది కాదు.

కొరివితో తల గోక్కున్నానని వారంలోనే తెలిసింది. ఉండబట్టలేక, 'అక్కా, తిన్నవా' అని పేరు పెట్టి ఫోల్డరులో ఒక ఖాళీ ఫైలు వేశాను. సాయంత్రానికి అది లేదు. "గీ పనికిరాని ఫైళ్లు ఎవలు పెడుతున్రు? తీసేసిన" అని ముందు గదిలో సేటు అరుపు వినబడింది. అక్క చూసిందో లేదో అడగడానికి సిగ్గేసింది. ఏడుపొచ్చింది, దాచేదేముంది.

మా వైపు ఎవరూ 'పోతున్న' అనరు. 'పోయొస్త' అని, అవతలివాళ్లు 'మంచిది' అన్నాకే గడప దాటుతారు. మూసిన తలుపుకు ఎవరు చెబుతారు? హబ్బు మీద ఒక్కో వైరుకు ఒక్కో పచ్చ దీపం. ముందు గదిలో కంప్యూటరు ఆపితే దాని దీపం ఆరిపోతుంది. సాయంత్రం రెండు దీపాలు ముందుగా ఆరేవి. అక్కది చివరిది. అది ఆరగానే, ప్రింటరు చప్పుడులో నాకే వినబడేట్టు "మంచిది అక్కా" అనేవాణ్ణి.