పైకి చదివిన కామాలు

నేను ఇప్పటికీ ఫోన్‌లో ఇంగ్లీషు మెసేజ్ వస్తే పెదాలు కదుపుతూ చదువుతాను. కామా దగ్గర "కామా" అంటాను, చివర "ఫుల్‌స్టాప్" అంటాను. మా ఆయన దీన్ని జబ్బంటాడు. జబ్బే. అంటించింది మా ఊరి ట్యూషన్ మాస్టారు.

తొంభైల చివర, నేను పదో తరగతి. మా ఊరు వజ్రపుకొత్తూరు దారిలో ఉంటుంది. మాస్టారు పలాసలో ఏదో ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు చెప్పి చెప్పి, వయసైపోయాక ఊరొచ్చి సొంత అరుగు మీద ట్యూషన్ పెట్టుకున్నారు. పెన్షన్ లేదు. పిల్లల్లేరు. మేం పన్నెండు మందిమి. మా ఇళ్ళ నుంచి నెలనెలా వెళ్ళేదాంతోనే ఆయనా, ఆయన భార్య మామ్మగారూ బతకాలి. అప్పటికే పలాస పక్కన కాశీబుగ్గలో రంగుల బోర్డు పెట్టి ఒక ట్యూషన్ సెంటరు తెరిచారు. ఆటో కూడా పంపుతామంటున్నారు. మాస్టారి మీద ఏ చిన్న మాట వచ్చినా అరుగు ఖాళీ అయిపోయేది.

ఆయన పద్ధతి వేరు. ఇంటి దగ్గర రాసుకొచ్చిన వ్యాసాన్ని నిలబడి పైకి చదవాలి. మాటలతో పాటు గుర్తులూ చదవాలి. "ఇన్ అవర్ విలేజ్ కామా దేర్ ఆర్ కోకోనట్ ట్రీస్ కామా క్యాషూ ట్రీస్ అండ్ గోట్స్ ఫుల్‌స్టాప్." ఇలా పన్నెండు గొంతులు సాయంత్రం పూట కామాలు పెడుతుంటే, దారిన పోయేవాళ్ళు ఏదో వ్రతం అనుకునేవారు. ఒక్క గుర్తు తప్పినా ఆయనకి తెలిసిపోయేది.

"ఊపిరి తీసావు గానీ కామా యేదే?" అనేవారు.

ఆశ్చర్యార్థకం అంటే మాత్రం ఆయనకి ఒళ్ళు మంట. "దేనికే అంత ఆచ్చర్యం? తుపానొచ్చినా మనూళ్ళో ఎవులూ నోరెళ్ళబెట్టరు. ఫుల్‌స్టాప్ పెట్టు సాలు."

చదవడం అయ్యాక పుస్తకం ఆయన ముందున్న చిన్న బల్ల మీద పెట్టాలి. ఎర్ర పెన్నుతో రైటు కొట్టి "గుడ్" అనేవారు. ఒకరోజు తొందరలో ఇంగ్లీషు పుస్తకం బదులు లెక్కల పుస్తకం పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పేజీ మీదకి వంగి, త్రికోణమితికి ఎర్ర రైటు కొట్టి "గుడ్" అన్నారు.

అప్పుడర్థమైంది నాకు. ఆయనకి కనబడటం లేదు. గుర్తులు పైకి చదివించేది అందుకే, చెవితో దిద్దుతున్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. జాలిపడి కాదు సుమా. అంత మంచి అవకాశం దొరికితే ఎవరైనా ఊరంతా చాటుకుంటారా?

మర్నాడు కొత్త పుస్తకం మొదలైంది, అప్పట్నుంచి రాయడం మానేశాను. పొద్దున్నే అమ్మతో కలిసి జీడిపిక్కలు కొట్టేదాన్ని, ఆ పెంకుల్లోని జీడి రసం తగిలి వేళ్ళు పొక్కేవి, పెన్ను పడితే మంట. మొదట్లో అది నిజమే. తర్వాత పొక్కులు మానినా నేను మారలేదు. ఖాళీ పేజీ ఎత్తి పట్టుకుని, గాల్లోంచి చదివేసేదాన్ని. రాస్తే అరగంటలో అయిపోయే పని. రాయకుండా ఉండటానికి బడికెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వ్యాసమంతా కామాలతో సహా బుర్రలో కూర్చుకోవాల్సి వచ్చేది. అంత కష్టపడి బద్ధకించిన పిల్ల మా మండలంలో ఇంకొకతె ఉండదు.

ఒకరోజు నాన్న ఏదో రాసుకోడానికి కాగితం చింపబోయి నా పుస్తకం తెరిచాడు. నాన్నకి ఇంగ్లీషు రాదు. కానీ ఖాళీ కాగితం ఏ భాషలోనైనా ఖాళీయే. పైగా చాలా పేజీల్లో ఎర్ర రైటు ఉంది. పుస్తకం పట్టుకుని తిన్నగా అరుగు మీదకి నడిచాడు. వెనకాల నేను.

"మాస్టారూ, ఇదేటి? మా పిల్ల పుస్తకంలో ఒక్క అచ్చరం నేదు. మీ రైట్లు మాత్తరం వరసన పడున్నాయి. మీకు కనబడతందా, నేదా?"

కామాలన్నీ ఆగిపోయాయి. మిగతా పదకొండు మందీ మాస్టారి వైపే చూస్తున్నారు. మంచినీళ్ళ చెంబుతో వస్తున్న మామ్మగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. మాస్టారు ఎర్ర పెన్నుకి మూత పెట్టబోయారు. మూత పక్కకి జారిపోయింది. నిజం చెబుతాను, నాకు మొదట గుర్తొచ్చింది నా వీపే. కానీ ఆ పెన్ను చూశాక సిగ్గేసింది. ఇంటికెళ్ళి రాసుకుని ఉంటే ఈ పెద్దాయనకి ఈ గతి పట్టేది కాదు.

"పెన్సిల్‌తో రాసి సెరిపీసాను నాన్నా," అన్నాను. "తమ్ముడికి పనికొత్తాదని."

మా ఇళ్ళల్లో అది మామూలే. రబ్బరుతో తుడిచిన పుస్తకాల్లోనే చిన్నవాళ్ళ చదువులు సాగేవి. నాన్న ఒక పేజీ ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు.

"మచ్చయినా నేదేటే?"

"మెత్తగా రాసాను."

నాన్న నన్ను చూశాడు, మాస్టారిని చూశాడు, మామ్మగారిని చూశాడు. నాన్నకి ఎంత అర్థమైందో నాకు ఇప్పటికీ తెలీదు.

"రేపట్నించి ఇంకుతో రాయి. ఆడికి ఇంకోటి కొంతాను," అని పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మాస్టారు అందరినీ పంపేసి నన్ను ఉండమన్నారు. పుస్తకం అందుకుని పేజీలు వేళ్ళతో తడిమారు.

"ఎన్నాళ్ళయిందే రాయక?"

"దసరా నుంచి సార్."

"మరి అన్ని కామాలూ?"

"నోటితోనే సార్."

"ఒక్కటీ తప్పనేదు కదే," అన్నారు. తిడతారని చూస్తే ఆయన గొంతులో మురిపెం ఉంది. నాకు తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది. పుస్తకం మూసి అడిగారు. "నా రైట్లు పుస్తకం మీదే పడతన్నాయా?"

బల్ల వైపు చూశాను.

"కొన్ని బల్ల మీద పడతన్నాయి సార్."

ఆయన తల ఊపి, గొంతు తగ్గించారు. "మీ మామ్మకి సెప్పకే. నాకు కనబడతందనే అనుకుంటంది. బెంగెట్టుకుంటాది."

ఆయన వెనకాలే, గుమ్మంలో, మామ్మగారు ఎర్ర మరకల తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నారు. రోజూ మేం వెళ్ళాక బల్ల మీది ఎర్ర గీతలు తుడవడానికి. నన్ను చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.

"సెప్పను," అన్నాను, ఇద్దరికీ.